మధ్యశ్రేణి డిస్క్

మధ్యశ్రేణి డిస్క్ లేదా మిడ్‌రేంజ్ డిస్క్ అనేది డిస్క్ గోల్ఫ్ క్రీడలో ఉపయోగించే మూడు ప్రధాన రకాల డిస్కులలో ఒకటి. దూరపు విసుర్లకు వాడే డ్రైవర్‌కు, బుట్ట దగ్గర వాడే పటర్‌కు నడుమ దీని స్థానం ఉన్నది. సాధారణ క్రీడాకారుడు దీనిని 50 నుండి 90 మీటర్ల దూరం వరకు విసరగలడు. ఎక్కువ దూరం పోవడం దీని ముఖ్య లక్షణం కాదు. అనుకున్న గీత మీద పోవడమే దీని ముఖ్య లక్షణం. మధ్యశ్రేణి డిస్కులలో కూడా కుడికి గాని ఎడమకు గాని పెద్దగా వంగకుండా తిన్నగా ఎగిరే రకాన్ని ఎలా ఎంచుకోవాలి, ఎలా విసరాలి అన్నది ఈ వ్యాసం యొక్క విషయం.

చెట్ల మధ్య ఆడేవారికి ఇటువంటి డిస్క్ మిక్కిలి అవసరం. దీనికి కారణం సాధారణ త్రికోణమితిలోనే ఉన్నది. విసిరిన దిశలో 1 డిగ్రీ తేడా వస్తే 60 మీటర్ల దూరంలో డిస్క్ సుమారు 1 మీటరు ప్రక్కకు పోతుంది. 3 డిగ్రీల తేడాకు ఇది 3 మీటర్లు దాటుతుంది. ఖమ్మం - భద్రాచలం అటవీ సరిహద్దున ఉన్న ఇల్లందు నుండి గుండాల వైపు పోయే దారిలో కనిపించే టేకు, ఇప్ప, తునికి చెట్ల వరుసలను ఊహించుకుంటే, అటువంటి చోట 3 మీటర్ల తేడా అంటే డిస్క్ చెట్టుకు తగలడమేనని సులభంగా అర్థమవుతుంది.

క్రీడా పరిచయం

డిస్క్ గోల్ఫ్ నియమాలు చాలావరకు గోల్ఫ్ ఆటను పోలి ఉంటాయి. బంతికి, కర్రకు బదులు చేతితో విసిరే ప్లాస్టిక్ డిస్క్ ఉంటుంది. నేలలోని గుంటకు బదులు ఇనుప స్తంభానికి అమర్చిన బుట్ట, దాని పైన వ్రేలాడే గొలుసులు ఉంటాయి. డిస్క్ గొలుసులకు తగిలి బుట్టలో పడాలి. ఆటగాడు ప్రారంభ స్థానం నుండి మొదటి విసురు విసిరి, డిస్క్ ఆగిన చోటు నుండి రెండవది, అక్కడి నుండి మూడవది, ఇలా బుట్టలో పడే వరకు విసురుతాడు. 9 లేదా 18 లక్ష్యాలను అతి తక్కువ విసుర్లతో పూర్తి చేసినవారు విజేతలు.

విసుర్లను మూడు దశలుగా చెప్పుకోవచ్చును. మొదటిది దూరపు విసురు. రెండవది బుట్టకు చేరువయ్యే విసురు. మూడవది బుట్టలో వేయడం. రెండవ దశకు మధ్యశ్రేణి డిస్కును వాడతారు. లక్ష్యం దూరం తక్కువగా ఉన్నప్పుడు, లేదా చెట్ల మధ్య దారి ఇరుకుగా ఉన్నప్పుడు, మొదటి విసురుకు కూడా దీనినే వాడటం కద్దు.

చరిత్ర

ఎగిరే ప్లాస్టిక్ డిస్కుకు మూలపురుషుడు అమెరికాకు చెందిన వాల్టర్ ఫ్రెడరిక్ మోరిసన్. ఆయన రూపొందించిన ప్లూటో ప్లాటర్ అనే డిస్క్ హక్కులను 1957లో వామ్-ఓ సంస్థ తీసుకొని, అదే సంవత్సరం దానికి ఫ్రిస్బీ అనే పేరు పెట్టింది. ఆ సంస్థలో పనిచేసిన ఎడ్ హెడ్రిక్ డిస్క్ పైభాగంలో వలయాకారపు గీతలు చేర్చి దాని ప్రయాణాన్ని నిలకడగా చేశాడు. ఈ మార్పుకు 1967లో పేటెంటు లభించింది.

హెడ్రిక్‌ను డిస్క్ గోల్ఫ్ పితామహుడని పిలుస్తారు. 1975లో కాలిఫోర్నియా రాష్ట్రంలోని ఓక్ గ్రోవ్ పార్కులో ఆయన రూపకల్పన చేసిన మైదానం ఈ క్రీడకు తొలి శాశ్వత మైదానంగా పేరు పొందింది. 1976లో ఆయన ప్రొఫెషనల్ డిస్క్ గోల్ఫ్ అసోసియేషన్‌ను స్థాపించాడు. ఈ సంస్థను సంక్షిప్తంగా పీడీజీఏ అంటారు. గొలుసుల బుట్ట కూడా ఆయన ఆలోచనే. హెడ్రిక్ 2002లో మరణించాడు. ఆయన కోరిక ప్రకారం చితాభస్మాన్ని ప్లాస్టిక్‌తో కలిపి కొన్ని డిస్కులు తయారు చేశారు.

తొలి రోజులలో ఆటగాళ్ళందరూ పట్టుకొని ఆడుకునే గుండ్రని అంచు డిస్కులనే వాడేవారు. 1983లో ఏర్పడిన ఇన్నోవా సంస్థకు చెందిన డేవ్ డునిపేస్ పదునైన వాలు అంచు గల ఈగిల్ అనే డిస్కును రూపొందించడంతో ఈ క్రీడ స్వరూపమే మారిపోయింది. గాలిని చీల్చుకుంటూ పోయే ఈ అంచు వల్ల దూరం పెరిగింది. తరువాతి కాలంలో ఒక్కొక్క పనికి ఒక్కొక్క డిస్క్ ఏర్పడి, డ్రైవర్, మధ్యశ్రేణి, పటర్ అనే విభజన స్థిరపడింది. ఇన్నోవా వారి రాక్ మధ్యశ్రేణి డిస్కులలో ఎక్కువ కాలం ప్రసిద్ధి పొందిన వాటిలో ఒకటి.

నిర్మాణం

డిస్కులో రెండు భాగాలు ఉంటాయి. మధ్యలో పలుచని పైకప్పు, చుట్టూ మందమైన అంచు. బరువులో అధిక భాగం అంచులో ఉండటం వల్ల డిస్క్ ఒకసారి తిరగడం మొదలుపెడితే ఆ భ్రమణాన్ని ఎక్కువసేపు నిలుపుకుంటుంది. బండి చక్రంలో బరువు పట్టాలో ఉండటం వంటిదే ఇది.

అంచు వెడల్పును బట్టి డిస్క్ రకాన్ని గుర్తించవచ్చును. పటర్ అంచు సుమారు 1 సెంటీమీటరు ఉంటుంది. మధ్యశ్రేణి డిస్క్ అంచు సాధారణంగా 1.2 నుండి 1.4 సెంటీమీటర్లు ఉంటుంది. వేగవంతమైన డ్రైవర్ల అంచు 2 సెంటీమీటర్లకు మించి ఉంటుంది. అంచు వెడల్పయిన కొద్దీ డిస్క్ వేగంగా పోగలదు, కాని దానిని విసరడానికి అంత వేగమూ కావాలి.

పీడీజీఏ నియమాల ప్రకారం డిస్క్ వ్యాసం 21 సెంటీమీటర్లకు తక్కువ కాకుండా ఉండాలి. బరువు, వ్యాసంలోని ప్రతి సెంటీమీటరుకు 8.3 గ్రాములకు మించకూడదు. మొత్తం మీద 200 గ్రాములకు మించకూడదు. ఉదాహరణకు 21.7 సెంటీమీటర్ల వ్యాసం గల మధ్యశ్రేణి డిస్కుకు అనుమతించిన గరిష్ఠ బరువు సుమారు 180 గ్రాములు. పోలిక కొరకు చూస్తే, అల్టిమేట్ ఆటలో వాడే డిస్క్ 175 గ్రాముల బరువుతో సుమారు 27 సెంటీమీటర్ల వ్యాసం కలిగి ఉంటుంది. అంటే డిస్క్ గోల్ఫ్ డిస్క్ దాదాపు అంతే బరువును చిన్న పరిమాణంలో ఇముడ్చుకొని ఉన్నది. అందువలన ఇది మరింత వేగంగా, గట్టిగా పోతుంది. తగిలితే దెబ్బ కూడా గట్టిగానే తగులుతుంది.

తిన్నగా ఎగరడానికి కారణం

ఏజెన్సీ ప్రాంతపు విల్లంబులు చూసినవారికి బాణం తోకకు ఈకలు ఎందుకు కడతారో తెలుసు. బాణం ప్రక్కకు తిరగబోతే తోక వైపు ఈకల మీద గాలి ఒత్తి దానిని మళ్ళీ తిన్నగా పెడుతుంది. డిస్కుకు ముందు, వెనుక అనే భాగాలు లేవు, ఈకలూ లేవు. బాణానికి ఈకలు చేసే పనిని డిస్కుకు భ్రమణం చేస్తుంది. చెరువు నీటి మీద పెంకు విసిరినప్పుడు గిరగిర తిరిగే పెంకు గంతులు వేస్తూ పోవడానికీ, తిరగని పెంకు మునిగిపోవడానికీ కారణం ఇదే.

భ్రమణం వల్ల కలిగే మరొక ఫలితాన్ని అర్థం చేసుకోవడానికి బొంగరం మంచి ఉదాహరణ. తిరుగుతున్న బొంగరం ఒక ప్రక్కకు ఒరిగితే వెంటనే పడిపోదు. ఒరిగిన దిశకు అడ్డంగా మెల్లగా చుట్టు తిరుగుతుంది. తిరిగే వస్తువును ఒక వైపు వంచాలని చూస్తే అది దానికి 90 డిగ్రీల దిశలో వంగుతుంది. డిస్క్ ప్రయాణంలోని మలుపులన్నింటికీ మూలం ఈ సూత్రమే.

కుడిచేతి వాటం గలవాడు బ్యాక్‌హ్యాండ్ పద్ధతిలో విసిరిన డిస్క్ పైనుండి చూస్తే గడియారపు ముల్లు దిశలో తిరుగుతుంది. దీని ప్రయాణం మూడు దశలలో జరుగుతుంది.

* మొదటి దశలో వేగం ఎక్కువ, డిస్క్ గాలిని ఎదుర్కొనే కోణం తక్కువ. అప్పుడు గాలి ఎత్తే బలం డిస్క్ కేంద్రానికి కొంచెం వెనుకగా పనిచేసి ముందు అంచును క్రిందికి వంచడానికి చూస్తుంది. బొంగరపు సూత్రం వల్ల డిస్క్ ముందుకు వంగదు, కుడి ప్రక్కకు ఒరుగుతుంది. దీనిని టర్న్ లేదా తొలి మలుపు అంటారు.
* రెండవ దశలో బలాలు దాదాపు సమతూకంలో ఉండి డిస్క్ తిన్నగా తేలుతుంది.
* మూడవ దశలో వేగం తగ్గి డిస్క్ క్రిందికి దిగుతుంది. గాలిని ఎదుర్కొనే కోణం పెరుగుతుంది. ఎత్తే బలం కేంద్రానికి ముందుకు జరిగి ముందు అంచును పైకి లేపడానికి చూస్తుంది. ఫలితంగా డిస్క్ ఎడమకు ఒరుగుతుంది. దీనిని ఫేడ్ లేదా తుది మలుపు అంటారు.

ఎడమచేతి వాటం గలవారికి, అలాగే కుడిచేతితో ఫోర్‌హ్యాండ్ విసిరేవారికి భ్రమణ దిశ వ్యతిరేకం కనుక కుడి ఎడమలు తారుమారవుతాయి. ఈ వ్యాసంలోని మిగతా వివరణలన్నీ కుడిచేతి బ్యాక్‌హ్యాండ్‌ను ఉద్దేశించి వ్రాసినవి.

తొలి మలుపు, తుది మలుపు రెండూ స్వల్పంగా ఉన్న డిస్కును తిన్నగా ఎగిరే డిస్క్ అంటారు. ఎడమకు గట్టిగా పోయేదానిని అతిస్థిరమైనదని, కుడికి సులభంగా ఒరిగేదానిని అల్పస్థిరమైనదని చెప్పుకోవచ్చును.

నాలుగు అంకెలు

చాలా డిస్కుల మీద నాలుగు అంకెలు ముద్రించి ఉంటాయి. ఇన్నోవా సంస్థ ప్రవేశపెట్టిన ఈ పద్ధతిని ఇతర తయారీదారులు కూడా అనుసరిస్తున్నారు. వరుసగా వాటి అర్థాలు ఇవి.

* వేగం: డిస్క్ సరిగా ఎగరడానికి కావలసిన వేగాన్ని సూచిస్తుంది. మధ్యశ్రేణి డిస్కులకు సాధారణంగా 4 లేదా 5 ఉంటుంది. డ్రైవర్లకు ఇది 14 వరకు కూడా ఉంటుంది.
* గ్లైడ్: గాలిలో తేలే గుణం. 1 నుండి 7 వరకు. అంకె పెద్దదైతే తక్కువ బలంతో ఎక్కువ దూరం పోతుంది, కాని గాలి వీచేటప్పుడు అదుపు తగ్గుతుంది.
* టర్న్: తొలి మలుపు. సున్నా అంటే మలుపు లేదు. మైనస్ 1, మైనస్ 2 అంటూ పోయిన కొద్దీ కుడికి ఎక్కువ ఒరుగుతుంది.
* ఫేడ్: తుది మలుపు. 0 నుండి 5 వరకు. అంకె పెద్దదైతే చివరలో ఎడమకు గట్టిగా పోతుంది.

తిన్నగా ఎగిరేవిగా పేరు పొందిన కొన్ని మధ్యశ్రేణి డిస్కులు, వాటి అంకెలు:

* ఇన్నోవా మాకో3: 5, 5, 0, 0
* డిస్క్‌రాఫ్ట్ బజ్: 5, 4, మైనస్ 1, 1
* యాక్సియమ్ హెక్స్: 5, 5, మైనస్ 1, 1
* లాటిట్యూడ్ 64 కంపాస్: 5, 5, 0, 1

పోలిక కొరకు, రాక్ అంకెలు 4, 4, 0, 3. అంటే ఇది చివరలో నిశ్చయంగా ఎడమకు పోయే డిస్క్.

ఈ అంకెలు కొలతలు కావు, తయారీదారు అంచనాలు మాత్రమే. ఒక సంస్థ ఇచ్చిన అంకెను మరొక సంస్థ అంకెతో నేరుగా పోల్చకూడదు. అంకెలన్నీ తగినంత వేగంతో విసిరినప్పుడే వర్తిస్తాయి. మెల్లగా విసిరితే ఏ డిస్క్ అయినా తన అంకెలలో చెప్పిన దానికంటే ముందుగా ఎడమకు వంగుతుంది.

ఎంపిక

క్రొత్తగా నేర్చుకునేవారు సాధారణంగా చేసే పొరపాటు అందరికంటే దూరం పోవాలని వేగం 12, 13 గల డ్రైవరును ముందుగా తీసుకోవడం. దానికి కావలసిన వేగం చేతిలో లేకపోవడం వల్ల అది కొద్ది దూరంలోనే ఎడమకు తిరిగి పడిపోతుంది. ఆటగాడు దానిని సరిచేయడానికి చేతిని మెలిపెట్టి విసరడం నేర్చుకుంటాడు. ఆ అలవాటు తరువాత మానుకోవడం కష్టం. కొందరు ఈ ఆట తమకు రాదని వదిలివేస్తారు కూడా. తిన్నగా ఎగిరే మధ్యశ్రేణి డిస్క్ విసిరినవాని తప్పును దాచదు, పెంచి చూపదు. కుడికి పోతే కుడికి విసిరినట్లే, ఊగితే చేయి ఊగినట్లే. అందుకే ఇది నేర్చుకునేవారికి తగిన తొలి డిస్క్.

ఎంపికలో గమనించవలసిన విషయాలు:

బరువు: పెద్దవారికి 170 నుండి 180 గ్రాములు సాధారణం. బరువైన డిస్క్ గాలికి తక్కువగా చలిస్తుంది. పిల్లలకు, చేతిబలం తక్కువగా ఉన్నవారికి 150 నుండి 165 గ్రాములు తగినవి. తేలిక డిస్కుకు తక్కువ శ్రమతో వేగం వస్తుంది.

ప్లాస్టిక్: చవక రకం మెత్తగా, చేతికి పట్టుగా ఉంటుంది. కాని చెట్లకు, రాళ్ళకు తగిలి త్వరగా అరుగుతుంది. మేలు రకం గట్టిది, ఎక్కువ కాలం మన్నుతుంది, ధర ఎక్కువ. డిస్క్ అరిగిన కొద్దీ అల్పస్థిరంగా మారుతుంది, అంటే కుడికి ఒరిగే గుణం పెరుగుతుంది. కాబట్టి రాతినేల ఉన్నచోట చవక రకం కొన్నాళ్ళకే తన స్వభావం మార్చుకుంటుంది. అనుభవజ్ఞులు అరిగిన డిస్కును పారవేయరు. కుడికి వంగవలసిన విసుర్లకు దానిని ఉంచుకుంటారు.

అంచు ఆకృతి: కొన్ని డిస్కుల అంచు క్రింది భాగంలో పూసవంటి చిన్న ఉబ్బు ఉంటుంది. ఇది సాధారణంగా స్థిరత్వాన్ని పెంచుతుంది, కాని కొందరి వ్రేళ్ళకు అడ్డుగా తోస్తుంది. వీలైతే చేతిలో పట్టుకొని చూసి తీసుకోవడం మంచిది.

చేతి వేగం: 50 మీటర్లు విసరలేనివారికి టర్న్ మైనస్ 1, ఫేడ్ 1 ఉన్న డిస్క్ తిన్నగా పోవచ్చును. గట్టిగా విసిరేవారికి అదే డిస్క్ కుడికి ఒరగవచ్చును. అటువంటివారికి టర్న్ 0, ఫేడ్ 1 లేదా 2 ఉన్నది తగినది. తిన్నగా పోవడం అనేది డిస్క్ ఒక్కదాని గుణం కాదు, విసిరే చేయితో కలిసి ఏర్పడే గుణం.

రంగు: ఎండుటాకులు పరుచుకున్న అడవి నేల మీద గోధుమ, ఆకుపచ్చ, నలుపు రంగు డిస్కులు కనిపించవు. గులాబి, నీలం, తెలుపు రంగులు వెదకడానికి సులభం.

విసిరే పద్ధతి

పట్టు: మధ్యశ్రేణి డిస్కుకు విసనకర్ర పట్టు అనదగిన ఫ్యాన్ గ్రిప్ బాగా సరిపోతుంది. బొటనవ్రేలు పైన, అంచుకు దగ్గరగా ఉంచాలి. చూపుడువ్రేలు అంచు లోపలి గోడకు ఆనించాలి. మిగిలిన వ్రేళ్ళను డిస్క్ అడుగున కొంచెం విప్పి పరచాలి. దూరం కావలసినప్పుడు నాలుగు వ్రేళ్ళనూ అంచు లోపలికి ముడిచి పట్టుకుంటారు. దీనిని పవర్ గ్రిప్ అంటారు. పట్టు మరీ బిగువుగా ఉంటే మణికట్టు కదలదు. వదులుగా ఉంటే డిస్క్ ముందే జారిపోతుంది.

నిలబడటం: కుడి భుజం లక్ష్యం వైపు ఉండేలా ప్రక్కకు తిరిగి నిలబడాలి. పాదాల మధ్య భుజాల వెడల్పు ఉండాలి. మోకాళ్ళు కొంచెం వంచాలి. మొదటి వారాలలో అడుగులు వేయకుండా నిలబడి విసరడమే మేలు.

వెనుకకు తీయడం: డిస్కును లక్ష్యానికి సరిగ్గా వ్యతిరేక దిశలో వెనుకకు చాచాలి. భుజాలు, నడుము కూడా వెంట తిరగాలి. బరువు వెనుక కాలి మీదకు వస్తుంది.

ముందుకు లాగడం: బరువు ముందు కాలి మీదకు మారుతుంది, ఆపై నడుము, ఆపై భుజం, ఆపై మోచేయి, చివరకు మణికట్టు. ఈ వరుస తప్పకూడదు. డిస్క్ ఛాతీకి దగ్గరగా ఒక సరళరేఖ మీద రావాలి. శరీరం చుట్టూ విల్లులా తిరిగి వస్తే విడుదలయ్యే దిశ ప్రతిసారీ మారుతుంది. కొడవలి ఒరకు కట్టిన తాడును లాగినట్లు మోచేయి ముందు, డిస్క్ వెనుక రావాలని గుర్తుంచుకోవచ్చును.

విడుదల: ఈ సమయంలో రెండు కోణాలు ముఖ్యం. ఒకటి ప్రక్క వాలు. డిస్క్ ఎడమ అంచు క్రిందికి ఉంటే హైజర్ అని, పైకి ఉంటే యాన్‌హైజర్ అని అంటారు. తిన్నని విసురుకు డిస్క్ నేలకు సమాంతరంగా ఉండాలి. రెండవది ముక్కు కోణం, అంటే లక్ష్యం వైపు ఉన్న అంచు పైకి ఉన్నదా, క్రిందికి ఉన్నదా అన్నది. ముక్కు పైకి లేచి ఉంటే డిస్క్ ఎత్తుకు పోయి, వేగం కోల్పోయి, ఎడమకు జారుతుంది. చూడటానికి చిన్నదిగా తోచినా, క్రొత్తవారు దూరం కోల్పోవడానికి ఇది ప్రధాన కారణాలలో ఒకటి.

ముగింపు: డిస్క్ చేయి వదలిన తరువాత చేతిని ఆపకూడదు. శరీరం ముందు మడమ మీద తిరిగి, చేయి సహజంగా చుట్టు తిరిగి ఆగాలి. ఒక్కసారిగా ఆపితే మోకాలికి, భుజానికి ఒత్తిడి కలుగుతుంది.

నిలబడి విసరడం కుదిరిన తరువాత అడుగులు చేర్చవచ్చును. కుడి అడుగు, దాని వెనుకగా ఎడమ అడుగు, మళ్ళీ కుడి అడుగు నాటడం. వెనుకగా వేసే అడుగు వల్ల కాళ్ళు అడ్డంగా దాటుతాయి కనుక దీనిని ఎక్స్ స్టెప్ అంటారు. అడుగులు దూరాన్ని పెంచుతాయి, దిశను చెడగొట్టే అవకాశాన్ని కూడా పెంచుతాయి.

దోషాలు, కారణాలు

* వదిలిన వెంటనే ఎడమకు పోవడం: చేయి ముందే వదలింది, లేదా డిస్క్ ఎడమ అంచు క్రిందికి ఉన్నది.
* వదిలిన వెంటనే కుడికి పోవడం: పట్టు బిగువు వల్ల ఆలస్యంగా విడుదలైంది, లేదా చేయి శరీరం చుట్టూ తిరిగి వచ్చింది.
* తిన్నగా బయలుదేరి కుడికి ఒరిగి నేలకు తగలడం: విడుదల సమయంలో మణికట్టు బోర్ల తిరిగింది, లేదా చేతి వేగానికి డిస్క్ మరీ అల్పస్థిరమైనది.
* పైకి లేచి ఆగి ఎడమకు జారడం: ముక్కు పైకి ఉన్నది.
* ఊగుతూ పోవడం: లాగిన దిశ ఒకటి, డిస్క్ తలం మరొకటి. భ్రమణం తక్కువైనా ఊగుడు ఎక్కువసేపు నిలుస్తుంది.

ఒకేసారి ఒక దోషాన్ని మాత్రమే సరిదిద్దుకోవాలి. రెండింటిని కలిపి మార్చితే ఏ మార్పు వల్ల ఫలితం వచ్చిందో తెలియదు.

సాధన

విశాలమైన మైదానంలో 40 మీటర్ల దూరంలో ఒక కర్ర నాటి, దానికి రెండు వైపులా 2 మీటర్ల దూరంలో గుర్తులు పెట్టాలి. నిలబడి సగం బలంతో 10 సార్లు విసిరి, ఎన్ని గుర్తుల మధ్య పడినవో వ్రాసుకోవాలి. 10లో 7 పడే వరకు దూరం పెంచకూడదు. తరువాత 50, ఆపై 60 మీటర్లకు జరపాలి. బలం పెంచినప్పుడు దిశ చెడితే మళ్ళీ వెనుకకు రావాలి.

రెండవ సాధన సన్నని దారి. రెండు కర్రలను 3 మీటర్ల ఎడంతో 15 మీటర్ల దూరంలో నాటి వాటి మధ్య నుండి విసరాలి. చెట్ల మధ్య విసరడానికి ఇది మంచి శిక్షణ. మనసు చెట్టు మీద కాక ఖాళీ మీద ఉండాలి.

మూడవది, ఒకే డిస్కును మూడు కోణాలతో విసరడం. సమాంతరంగా, కొంచెం హైజర్‌తో, కొంచెం యాన్‌హైజర్‌తో. తిన్నగా ఎగిరే డిస్క్ వదిలిన కోణాన్ని చాలాసేపు నిలుపుకుంటుంది. అందువలన ఒక్క డిస్క్‌తోనే మూడు దారులు సాధ్యం.

గొలుసుల బుట్ట లేకున్నా సాధన ఆగనవసరం లేదు. కర్ర, బకెట్టు, నేల మీద గీసిన వలయం దేనినైనా లక్ష్యంగా పెట్టుకోవచ్చును.

నెమ్మది డిస్కులతో సాధించగల ఖచ్చితత్వానికి 2021లో అమెరికాలోని ఆగ్డెన్‌లో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఒక ఉదాహరణ. చివరి రౌండు 18వ లక్ష్యం వద్ద వెనుకబడి ఉన్న జేమ్స్ కాన్‌రాడ్ 247 అడుగుల దూరం నుండి, అంటే సుమారు 75 మీటర్ల నుండి, విసిరిన డిస్క్ నేరుగా బుట్టలో పడింది. దానితో పాల్ మెక్‌బెత్‌తో సమానమై, అదనపు ఆటలో గెలిచి ఆయన విజేత అయ్యాడు. అప్పుడు ఆయన వాడినది డ్రైవర్ కాదు, ఒక పటర్.

గాలి, ఎండ, వాన

ఎదురుగాలిలో డిస్కుకు గాలితో సాపేక్ష వేగం పెరుగుతుంది. కనుక అది కుడికి ఎక్కువగా ఒరుగుతుంది, పైకి లేస్తుంది. అప్పుడు కొంచెం అతిస్థిరమైన డిస్కును తక్కువ ఎత్తులో విసరాలి. వెనుకగాలిలో డిస్క్ త్వరగా దిగి ఎడమకు వంగుతుంది. అప్పుడు తేలే గుణం ఎక్కువ ఉన్నది మంచిది. ప్రక్కగాలి డిస్క్ అడుగుభాగానికి తగిలితే దానిని ఎత్తి మోసుకుపోతుంది, పైభాగానికి తగిలితే నేలకు అదుముతుంది.

వేడిమి కూడా ప్రయాణాన్ని మారుస్తుంది. వాయుపీడనం సమానంగా ఉన్నప్పుడు 45 డిగ్రీల సెల్సియస్ వద్ద గాలి సాంద్రత 15 డిగ్రీల వద్ద కంటే సుమారు 9 శాతం తక్కువ. పలుచని గాలిలో డిస్కును ఎత్తే బలమూ, వంచే బలమూ తగ్గుతాయి. అందువలన మండువేసవిలో అదే డిస్క్ తక్కువగా తేలి, తొలి మలుపు తక్కువగా చూపవచ్చును. ఎండలో ప్లాస్టిక్ మెత్తబడుతుంది కాబట్టి డిస్కులను మూసిన వాహనంలో ఎండకు వదలకూడదు. ఒకదానిపై మరొకటి వంకరగా పేర్చితే ఆకారం చెడి, తిన్నగా పోయే గుణం పోతుంది.

వానలో తడిసిన అంచు చేతి నుండి జారుతుంది. ప్రతి విసురుకు ముందు పొడిగుడ్డతో డిస్కును, చేతిని తుడుచుకోవాలి.

అటవీ ప్రాంతాలలో జాగ్రత్తలు

డిస్క్ గోల్ఫ్ చెట్లను నరకకుండా ఆడదగిన క్రీడ. చెట్లే ఇందులో అడ్డంకులు. ఆటకు అనుకూలంగా కొమ్మలు విరచడం, మొక్కలు పెరకడం నియమాలకు విరుద్ధం. అయినప్పటికీ భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని ఇల్లందు వంటి ప్రాంతాలలో ఈ ఆటకు చోటు ఎంచుకునేవారు కొన్ని విషయాలు తెలుసుకోవాలి.

రిజర్వు అడవిలో శాశ్వతంగా బుట్టలు నాటడం అటవీయేతర వినియోగం క్రిందకు రావచ్చును. 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం ప్రకారం అటువంటి వినియోగానికి కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. 2023లో ఈ చట్టం పేరు మారినా ఈ నియమం కొనసాగుతున్నది. ఇదే జిల్లాలోని కిన్నెరసాని వంటి అభయారణ్యాలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా వర్తిస్తుంది. ఇల్లందు బొగ్గు గనులకు ప్రసిద్ధి. ఉపరితల గనుల పరిసరాలు, మట్టి దిబ్బలు విశాలంగా కనిపించినా అవి ప్రమాదకరమైనవి, ప్రవేశం నిషిద్ధమైనవి. అందువలన పాఠశాల, కళాశాల మైదానాలు, వాటి అంచున ఉన్న చెట్ల వరుసలు, యజమాని అనుమతి గల మామిడితోటలు సాధనకు తగినవి. ఎత్తి తీసుకుపోగల లక్ష్యాలను వాడితే నేలకు హాని ఉండదు.

ఇప్పపూవు ఏరుకునే వేళలలో, తునికాకు కోత కాలంలో చెట్ల క్రింద మనుషులు వంగి పనిచేస్తూ ఉంటారు. వారు దూరం నుండి కనిపించరు. 180 గ్రాముల డిస్క్ తలకు తగిలితే గాయం తప్పదు. కనుక డిస్క్ పడే చోటు పూర్తిగా కనిపించనప్పుడు విసరకూడదు. అవసరమైతే ఒకరిని ముందుకు పంపి చూడమనాలి. దారితప్పిన డిస్క్ మనుషుల వైపు పోతుంటే బిగ్గరగా కేకవేసి హెచ్చరించడం ఈ క్రీడలో మర్యాద మాత్రమే కాదు, బాధ్యత.

పొదలలో పడిన డిస్కును చేతితో వెదకరాదు. ముందుగా పొడవైన కర్రతో కదిలించి చూడాలి. పాములు, తేళ్ళు ఉండే అవకాశం ఉన్నది. దొరకని డిస్కును అడవిలో వదలివేయకుండా వీలైనంత వరకు వెదకి తీసుకోవాలి. ప్లాస్టిక్ నేలలో కలిసిపోదు. చెట్ల మధ్య తిన్నగా విసరడం నేర్చుకున్నవానికి ఈ వెదుకులాట కూడా తగ్గుతుంది.